పుట్టుమచ్చలూ, దెబ్బ మచ్చలూ: జేబులో చిల్లర చెప్పే చరిత్ర

"చెల్లని రూపాయికి గీతలెక్కువ" అన్నారు మన పెద్దలు. ఆ సామెతలో ఎంత లోకానుభవం ఉందో, ఈ దేశపు చిల్లర నాణేలను భూతద్దం కింద పెట్టి చూడటం అలవాటయ్యాక నాకు బాగా బోధపడింది. ఈ రోజుల్లో నాణెం మీద ఒక గీత కనబడితే చాలు, అది టంకశాలలో జరిగిన పొరపాటనీ, వేల డాలర్లు పలుకుతుందనీ నమ్మించేవారు ఎక్కువయ్యారు. నమ్మేవారూ ఎక్కువయ్యారు. వంటింటి గట్టు మీద గాజు సీసాలో ఏళ్ళ తరబడి పడివున్న పెన్నీల మీద అందరికీ ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది.

దానికి కారణం లేకపోలేదు. 1793లో మొదలైన అమెరికా సెంటు, చలామణీ కోసం ఆఖరుసారిగా 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చయింది. 2024 ఆర్థిక సంవత్సరం లెక్కల ప్రకారం ఒక్క సెంటు తయారు చేయడానికి 3.69 సెంట్లు ఖర్చయింది. ముడిసరుకు కంటే కూలి ఎక్కువైన బేరం ఎంతకాలం సాగుతుంది? ఉన్న పెన్నీలు ఇప్పటికీ చెల్లుతాయి. కానీ చలామణీకి కొత్తవి రావు. అంటే పెన్నీ మీద టంకశాల చేయవలసిన తప్పులన్నీ చేసేసిందన్నమాట! ఇక మిగిలిందల్లా మన సీసాల్లో, సొరుగుల్లో ఉన్న పాత దస్తావేజే. దాన్ని చదవడం తెలియకపోతే రెండు రకాల నష్టం. అసలైనదాన్ని యంత్రంలో పోసి చిల్లర మార్చుకుంటాం, లేదా నకిలీని నమ్మి డబ్బు పోగొట్టుకుంటాం.

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. పిల్లవాడి ఒంటి మీద మచ్చ చూడగానే మేము మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది పుట్టినప్పటినుంచీ ఉందా, తరువాత వచ్చిందా?" నాణెం సంగతీ అంతే. టంకశాలలో పుట్టుకతో వచ్చిన లోపం పుట్టుమచ్చ వంటిది. తరువాత చేతులు మారుతూ, జేబుల్లో రాసుకుంటూ తెచ్చుకున్నది దెబ్బ మచ్చ. పిల్లవాడి కథ తల్లి చెబుతుంది. నాణేనికి చెప్పే తల్లి లేదు గనుక ఆ కథ లోహాన్నే అడగాలి. లోహం అబద్ధం ఆడదు.

చేత్తో కొట్టిన రోజుల్లో

"తప్పు నాణెం" అనే మాటకు అర్థం రావాలంటే ముందు "ఒప్పు నాణెం" ఎలా ఉండాలో స్థిరపడాలి. అది యంత్రాలు వచ్చాకనే సాధ్యమైంది. మన దేశంలో చేత్తో కొట్టిన పాత రూపాయలను చూడండి. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వెండి బిళ్ళ, సుత్తితో ఒక దెబ్బ. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుచేత అచ్చులోని అక్షరాలన్నీ బిళ్ళ మీదికి ఎక్కవు. ఒక రూపాయి మీద పాలకుడి పేరు సగం ఉంటే, మరొకదాని మీద సంవత్సరం సగం ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పు అనుకోలేదు. తూకం సరిపోయిందా, వెండి మంచిదా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేవాడు షరాబు. అనుమానం తీరాక కొందరు షరాబులు రూపాయి మీద తమ చిన్న గుర్తును గుద్దేవారు. ఈనాటి లెక్కలో అది టంకశాల దాటాక తగిలిన దెబ్బే. ఆనాటి లెక్కలో అది నమ్మకానికి ముద్ర. కాబట్టి మచ్చలన్నీ ఒకే రకమైనవి కావు. ఏ మచ్చ ఎప్పుడు, ఎవరి చేతిలో పడిందన్నదే చరిత్ర.

నిజాం సికందర్ జా కాలంలో, 1803లో మొదలైన హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదులో యంత్రాలతో కొత్త రూపం దాల్చింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చి, 1997లో చర్లపల్లికి తరలింది. మీ దగ్గరున్న భారతీయ నాణెం మీద సంవత్సరం కింద ఐదు మూలల చుక్క ఉంటే అది హైదరాబాదులో పుట్టిందని గుర్తు. ఇక్కడి నాణేల మీద డెన్వర్‌కు "డి", శాన్‌ఫ్రాన్సిస్కోకు "ఎస్" ఉన్నట్టే, మనవాళ్ళకు ఆ చుక్క. యంత్రం వచ్చాక లక్ష నాణేలు లక్షా ఒకేలా ఉండటం మొదలైంది. అప్పుడే భిన్నంగా ఉన్న ఒక్కటి అందరి కళ్ళలో పడటమూ మొదలైంది.

నాణెం పుట్టుక

ఈ పుట్టుక కథ కాస్త తెలిస్తే సగం సందేహాలు వాటంతటవే తీరతాయి. ముందు లోహపు రేకులోంచి గుండ్రటి ఖాళీ బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని కొలిమిలో వేడిచేసి మెత్తబరుస్తారు, కడిగి ఆరబెడతారు. తరువాత ఒక ఇరుకు గాడిలో దొర్లించి అంచు చుట్టూ సన్నని గట్టు లేపుతారు. ఆ బిళ్ళ ముద్రణ యంత్రంలోకి వెళుతుంది. అక్కడ బొమ్మ అచ్చు ఒకటి, బొరుసు అచ్చు ఒకటి, చుట్టూ ఉంగరం వంటి ఉక్కు కట్టు. పెద్ద ఒత్తిడితో ఒక్క దెబ్బ. లోహం అచ్చులోని గుంటల్లోకి పారి బొమ్మగా లేస్తుంది. ఈనాటి యంత్రాలు నిమిషానికి 700కు పైగా నాణేలు కొడతాయి.

ఈ అచ్చులు ఎక్కడివి? వాటికీ ఒక తల్లి అచ్చు ఉంది. తల్లి అచ్చు మీద బొమ్మ నాణెం మీద ఉన్నట్టే ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని మెత్తని ఉక్కు కడ్డీలోకి నొక్కితే లోతుబొమ్మ గల అచ్చు తయారవుతుంది. కజ్జికాయల చెక్క చూసినవారికి ఇది వేరే చెప్పక్కరలేదు. చెక్కలో గుంట ఉన్నచోట కజ్జికాయ మీద గట్టు లేస్తుంది. చెక్క పగిలితే ఆ పగులు ప్రతి కజ్జికాయ మీదా సన్నని గట్టుగా తేలుతుంది. కజ్జికాయ చేసిన తరువాత గోరు తగిలితే మాత్రం అక్కడ గుంట పడుతుంది.

ఈ వ్యాసంలో గుర్తుపెట్టుకోవలసిన మొదటి సూత్రం ఇదే. అచ్చుకు దెబ్బ తగిలితే నాణెం మీద ఉబ్బెత్తు. నాణేనికి దెబ్బ తగిలితే నాణెం మీద గుంట. 1950ల నాటి లింకన్ సెంట్లలో కొన్నిటి మీద "లిబర్టీ" అన్న మాటలో "బి", "ఇ" అక్షరాల మధ్య నిలువుగా ఒక సన్నని గట్టు కనబడుతుంది. అది అచ్చు పగులు. అసలైన పుట్టుమచ్చ. అదేచోట వేలి గోటికి తగిలే లోతైన గీత ఉంటే అది తాళంచెవి పెట్టిన గాటు కావచ్చు, మరేదైనా కావచ్చు, టంకశాల పని మాత్రం కాదు.

ఒకే యుద్ధం, రెండు దేశాల రాగి

రెండవ ప్రపంచ యుద్ధంలో రాగికి కరువొచ్చింది. 1943లో భారతదేశంలో కాణీకి నడిమధ్యన పెద్ద చిల్లు పెట్టి అచ్చువేశారు. మన తాతముత్తాతల మొలతాళ్ళకు వేలాడిన చిల్లు కాణీ అదే. ఆ చిల్లు తప్పు కాదు, లోహం పొదుపు. అదే 1943లో అమెరికా సెంటును జింకు పూసిన ఉక్కుతో వంద కోట్లకు పైగా కొట్టారు. రెండు దేశాల చిల్లరలోనూ ఒకే కొరత ముద్రపడింది.

అయితే 1942 నాటి రాగి మిశ్రమపు బిళ్ళలు కొన్ని యంత్రాల తొట్లలో చిక్కుకుని, 1943 అచ్చుల కిందికి వెళ్ళిపోయాయని చెబుతారు. అలా పుట్టిన 1943 రాగి సెంట్లు ఇప్పటివరకు బయటపడ్డవి కొద్ది పదులకు మించవు. వాటిలో ఒకటి 1947లో మసాచుసెట్స్ రాష్ట్రం పిట్స్‌ఫీల్డ్‌లో, డాన్ లూట్స్ అనే 16 ఏళ్ళ కుర్రవాడికి బడి క్యాంటీనులో ఇచ్చిన చిల్లరలో దొరికింది. అటువంటి సెంటు తెచ్చినవారికి ఫోర్డు కంపెనీ కొత్త కారు ఇస్తుందని అప్పట్లో ఒక పుకారు. కుర్రవాడు వాకబు చేస్తే కారు మాట వట్టిదని తేలింది. ప్రభుత్వాన్ని అడిగితే, 1943 సెంట్లన్నీ ఉక్కువేనని జవాబు వచ్చింది. అతడు వాదించలేదు, పారేయనూ లేదు. దాచుకున్నాడు. 2018లో ఆయన మరణించాక, 2019 జనవరిలో ఆ సెంటు వేలంలో 2,04,000 డాలర్లు పలికింది. ఆ డబ్బు ఆయన కోరిక మేరకు ఊరి గ్రంథాలయానికి వెళ్ళింది.

ప్రభుత్వ కార్యాలయం "లేదు" అన్నా, తూకం "ఉంది" అన్నది. రాగి సెంటు 3.11 గ్రాములు తూగుతుంది, ఉక్కుది సుమారు 2.7. అయస్కాంతం ఉక్కును పట్టుకుంటుంది, రాగిని పట్టుకోదు. కాగితం మీద ఉన్నదాని కంటే లోహంలో ఉన్నదే పై సాక్ష్యమని ఈ ఒక్క సెంటు రుజువు చేసింది.

ఇదే సెంటుకు మరో ముఖం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగువారి దీపావళి వేడుకలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. కొడుకు దగ్గర ఆరు నెలలుండటానికి గుంటూరు నుంచి వచ్చారు. రుమాలులో చుట్టిన ఒక పెన్నీ తీసి, "బాబూ, మీరు ఇవి చూస్తారటగా. మనవడి చదువుకు అక్కరకొస్తుందని వారాంతపు సంతలో కొన్నాను. 1943 రాగిది" అన్నారు. వంటగదిలో ఫ్రిజ్ మీద ఉన్న అయస్కాంతం బిళ్ళ తెచ్చి ఆయన చేతికే ఇచ్చాను. పెన్నీ టక్కున అతుక్కుంది.

"అంటే పైన రాగి పూతేనా?" అన్నారు.

"అవునండీ."

"నాలుగు వందల డాలర్లు ఇచ్చాను బాబూ. అబ్బాయికి చెప్పకండి" అని దాన్ని మళ్ళీ రుమాలులో చుట్టుకున్నారు.

ఆ డబ్బు ఆయన ఊళ్ళో పింఛనులోంచి దాచుకున్నదని తరువాత తెలిసింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒక్క క్షణంలో చెప్పే నిజం, ముందుగా తెలిసి ఉంటే ఆ పింఛను మిగిలేది. అయస్కాంతానికి అతుక్కోకపోయినా వెంటనే సంబరపడనక్కరలేదు. 1948 సెంటులోని "8"ని ఎడమవైపు కోసి "3"గా చేసి అమ్మేవారున్నారు. అసలు 1943లో "3" తోక మిగిలిన అంకెల కంటే కిందికి దిగి ఉంటుంది. కోసిన "8"కి ఆ తోక ఎక్కడినుంచి వస్తుంది?

గీకితే పోతుంది, లేవదు

1922లో సెంట్లు కొట్టింది డెన్వర్ టంకశాల ఒక్కటే. కాబట్టి ఆ ఏటి సెంటు మీద "డి" తప్పనిసరిగా ఉండాలి. కొన్నిటి మీద లేదు. అచ్చును అతిగా సానబట్టడంతో అక్షరం అరిగిపోయింది. ఈ సంగతి తెలిసిన మోసగాళ్ళు మామూలు 1922 సెంటు మీది "డి"ని గీకేశారు. మరి తేడా ఎలా తెలుసుకోవడం? బాగా ప్రసిద్ధమైన అసలుదానిలో బొమ్మ వైపంతా మసకగా ఉంటుంది. బొరుసు వైపు గోధుమ కంకులు మాత్రం స్ఫుటంగా ఉంటాయి. ఎందుకంటే బొరుసు అచ్చు కొత్తది. గీకినదానిలో "డి" ఉండవలసిన చోట మాత్రమే గుంటో, మెరుపో కనబడుతుంది.

1937లో అదే డెన్వర్‌లో మరొక విచిత్రం జరిగింది. ఐదు సెంట్ల నాణెం మీది అడవిదున్నకు ముందు కాళ్ళలో ఒకటి మాయమైంది. మధ్యలో బిళ్ళ లేకుండా రెండు అచ్చులూ ఒకదానినొకటి ఢీకొని మరకలు పడ్డాయి. ఆ మరకలు తీయాలని పనివాడు అచ్చును సానబట్టాడు. మరకలతోపాటు కాలూ పోయింది. ఈ మూడు కాళ్ళ దున్నకు మంచి ధర ఉంది గనుక, మామూలు నాణెం మీద కాలు గీకి అమ్మినవారూ ఉన్నారు. కానీ అసలుదానిలో దున్న పొట్ట కింద, నేల వరకు జారినట్టు, ఉబ్బెత్తు చుక్కల వరస ఉంటుంది. అవి అచ్చు మీద పడిన చిన్న గుంటల ఫలితం. కత్తితో గీకి కాలు తీయవచ్చు. అదే కత్తితో ఉబ్బెత్తు చుక్కలు మొలిపించడం ఎవరి తరం?

రెండుగా కనిపించే అక్షరాలు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పాత రోజుల్లో తల్లి అచ్చును ఉక్కు కడ్డీలోకి ఒకే నొక్కుతో దింపడం కుదిరేది కాదు. ఒకసారి నొక్కి, కొలిమిలో మెత్తబరచి, మళ్ళీ నొక్కేవారు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగితే అచ్చులోనే అక్షరాలు రెండేసి పడతాయి. ఆ అచ్చు కొట్టిన ప్రతి నాణెమూ జంట ముద్రతోనే పుడుతుంది.

1955లో ఫిలడెల్ఫియాలో సరిగ్గా ఇదే జరిగింది. తప్పు గమనించేసరికి ఆ నాణేలు వేలకొద్దీ మంచి వాటిలో కలిసిపోయాయి. ఏరడం సాధ్యం కాదని సుమారు 20 వేల నుంచి 24 వేల వరకు అలాగే బయటికి పంపారు. వాటిలో చాలా భాగం సిగరెట్ పెట్టెల్లో దొరకడం ఒక చమత్కారం. అప్పట్లో సిగరెట్ యంత్రంలో పావు డాలరు వేస్తే, 23 సెంట్ల పెట్టెతోపాటు మిగిలిన రెండు పెన్నీలు పైకాగితం లోపలే పెట్టి ఇచ్చేవారు.

అదే 1955కు ఒక బీద చుట్టం ఉంది. అరిగిపోయిన అచ్చు వల్ల సంవత్సరంలోని చివరి "5" మాత్రం కాస్త సాగి రెండుగా కనబడుతుంది. దానికి పెద్ద విలువ లేదు, కానీ అసలుదని చెప్పి అంటగట్టేవారికి కొదవ లేదు. మూడో రకం, అన్నిటికంటే మామూలైనది, ముద్రపడ్డ క్షణంలో అచ్చు కాస్త కదలడం. ఈ మూడింటినీ విడదీయడానికి భూతద్దం చాలు. అసలు జంట ముద్రలో రెండు అక్షరాలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి. మొత్తం అక్షరం లావెక్కినట్టు ఉంటుంది. మూలల్లో చీలిక కనబడుతుంది. అచ్చు కదిలినదానిలో అక్షరం పక్కన నేలబారుగా, మెట్టులా ఒక మెరిసే అంచు ఉంటుంది. ఆ మెట్టు అక్షరం సొమ్ము తిని ఏర్పడిందే కాబట్టి అక్షరం సన్నబడుతుంది. అరిగిన అచ్చుదైతే అంచులు అలికినట్టుంటాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, లావెక్కితే ఆశ పెట్టుకోండి, సన్నబడితే ఖర్చు పెట్టుకోండి.

అధికారులూ ఇక్కడ తడబడ్డారు. 1969 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో జంట ముద్ర సెంట్లు బయటపడినప్పుడు, అదే కాలంలో 1969 జంట ముద్ర దొంగ సెంట్లూ తిరుగుతుండటంతో, సీక్రెట్ సర్వీసువారు కొన్ని అసలువాటిని కూడా నకిలీలని పట్టుకున్నారు. తరువాత పరిశీలనలో అవి అసలైనవని తేలింది. 1990ల చివరి సంవత్సరాలలో ఒకే నొక్కుతో అచ్చు చేసే పద్ధతి వచ్చాక పెద్ద జంట ముద్రలు బాగా తగ్గాయి. చూశారా, ప్రతి తప్పూ ఆనాటి పనితీరుకు తేదీ వేసిన దస్తావేజు. పద్ధతి మారితే ఆ రకం తప్పు పుట్టడమూ తగ్గిపోతుంది.

లేని అక్షరం, ఉన్న అక్షరం

1982లో ఫిలడెల్ఫియా పది సెంట్ల నాణేలు కొన్ని "పి" అక్షరం లేకుండా వచ్చాయి. అప్పట్లో టంకశాల గుర్తును ఒక్కొక్క అచ్చు మీదా పనివాడు చేత్తో గుద్దేవాడు. ఒక అచ్చు మీద మరచిపోయాడు. ఇది అసలైన తప్పే. కానీ ఈ కథ సగం విని, అక్షరం లేని ప్రతి నాణెమూ నిధి అనుకోకూడదు. ఫిలడెల్ఫియా పది సెంట్ల మీద "పి" వేయడం 1980లోనే మొదలైంది. 1965, 1966, 1967 సంవత్సరాలలో ఏ టంకశాలా గుర్తు వేయలేదు. ఇక ఫిలడెల్ఫియా పెన్నీల మీద "పి" వేసింది ఒక్క 2017లోనే. అక్కడ అక్షరం ఉండటమే వింత, అయినా అది తప్పు కాదు, వేడుక కోసం కావాలని వేసినది. చరిత్ర తెలియని భూతద్దం వట్టి గాజు ముక్క.

కొత్త శతాబ్దంలోనూ తప్పులు ఆగలేదు. 2004 విస్కాన్సిన్ పావు డాలరు మీద, డెన్వర్‌లో కొట్టిన కొన్నిటిలో, మొక్కజొన్న కంకికి ఒక ఆకు ఎక్కువ వచ్చింది. 2007లో జార్జ్ వాషింగ్టన్ డాలరు నాణేలు కొన్ని అంచు మీది అక్షరాలు లేకుండానే బయటికి వచ్చాయి. అంచు అక్షరాలు వేరే యంత్రంలో వేస్తారు కనుక, ఆ యంత్రం గడప తొక్కకుండానే సంచుల్లోకి వెళ్ళిపోయాయి.

జీవితం పెట్టిన మచ్చలు

ఇక తరువాతి దెబ్బల సంగతి. బట్టలారబెట్టే డ్రైయరులో చిక్కుకున్న నాణెం వారాల తరబడి దొర్లి, అంచు లోపలికి ముడుచుకుని, చిన్నదైపోయి వింతగా కనబడుతుంది. నాణేలను కాగితం చుట్టలుగా కట్టే యంత్రం బొమ్మ చుట్టూ గుండ్రటి గీత పెడుతుంది. రెండు నాణేలను బిగింపు పట్టులో నొక్కితే ఒకదాని మీద మరొకదాని అక్షరాలు తిరగబడి లోతుగా పడతాయి, కానీ అవతలి ముఖం చదునైపోతుంది. యంత్రంలో ఎదురుగా అచ్చు ఉండగా అవతలి బొమ్మ చదునయ్యే అవకాశం లేదు.

1982లో పెన్నీ మారిపోయిన సంగతీ గుర్తుంచుకోవాలి. అంతకుముందు 95 శాతం రాగి, 3.11 గ్రాములు. ఆ ఏడాది మధ్యలో మొదలైన కొత్త పెన్నీ 97.5 శాతం జింకు, పైన పలుచని రాగి పూత, 2.5 గ్రాములు. పూత కింద గాలి చిక్కితే బొబ్బలు లేస్తాయి. పూత గీసుకుపోతే లోపలి జింకు తేమకు తినేసిపోతుంది. అవన్నీ ఉబ్బెత్తుగా ఉన్నా విలువైనవి కావు. నా సూత్రానికి ఇదొక మినహాయింపు. బొబ్బను పుల్లతో మెల్లగా అదిమితే అణుగుతుంది, అచ్చు పగులు అణగదు.

పావు డాలరు ఒకవైపు రాగి రంగులో ఉంటే పై పొర లేకుండా పుట్టిందని సంబరపడతాం. 1965 నుంచి అది మూడు పొరల నాణెం, 5.67 గ్రాములు. ఒక పొర నిజంగా లేకపోతే దాదాపు ఒక గ్రాము తగ్గాలి. తూకం సరిపోతే అది మట్టి మరకే.

మన ఇళ్ళలో మరొకటి ఉంది. దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే నాణేలను చింతపండుతో తోమడం మనకు అలవాటు. భక్తి భక్తే, కానీ చింతపండు పులుపు పాత రాగి మీది సహజమైన రంగును తినేస్తుంది. ఆ రంగు ఒకసారి పోతే మళ్ళీ రాదు. అసలైన అరుదైన నాణెమైనా సరే, తోమినదానికి విలువ బాగా పడిపోతుంది. అమ్మవారి ముందు కొత్త నాణేలు పెట్టండి. పాతవాటిని అలాగే ఉండనివ్వండి.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఒకటి: మచ్చ ఉబ్బెత్తా, గుంటా? ఉబ్బెత్తు అయితే అచ్చు వైపు చూడాలి. గుంట అయితే జేబు వైపు చూడాలి.

రెండు: ముందుగా ఏది చెరిగింది? వాడకం వల్ల అరుగుదల ఎత్తైన చోట్లలో మొదలవుతుంది, లింకన్ చెంప, దవడ, ఆ తరువాతే పల్లం. అచ్చులో జిడ్డు పేరుకుని అక్షరం పడకపోతే ఎత్తుపల్లాల లెక్క ఉండదు. పల్లంలోని అక్షరం మాయమై, పక్కనే ఎత్తైన చెంప కొత్తగా మెరుస్తుంటుంది.

మూడు: అవతలి వైపు ఏముంది? నాణేనికి రెండు ముఖాలూ ఒకే క్షణంలో పుడతాయి. అంచున చంద్రవంకలా ముక్క లేని నాణెం దొరికితే, సరిగ్గా దానికి ఎదురు అంచు చూడండి. కత్తిరింపులోనే ముక్క పోయిన బిళ్ళ, గాడిలో దొర్లేటప్పుడు ఆ ఖాళీ దగ్గర ఒత్తిడి లేక, ఎదురువైపు గట్టు కూడా సరిగా లేవదు. అందుకే అక్కడ అంచు మసకబారుతుంది. తరువాత కత్తిరించినదానికి ఎదురు అంచు గట్టిగానే ఉంటుంది.

నాలుగు: తూకం ఎంత? పది డాలర్లకు దొరికే చిన్న త్రాసు, ఫ్రిజ్ మీది అయస్కాంతం, ఒక భూతద్దం. ఇంతకంటే పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఈ నాలుగింటికీ సరైన సమాధానం వచ్చినప్పుడే నిపుణులకు పంపి రుసుము కట్టడం న్యాయం.

ఈ పరీక్షలో నెగ్గేవి బహు తక్కువ. నూటికి తొంభైతొమ్మిది దెబ్బ మచ్చలే. అయినంతమాత్రాన వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు. పుట్టుమచ్చ ఉన్న నాణెం టంకశాల చరిత్ర చెబుతుంది. ఫలానా సంవత్సరంలో అచ్చు ఎలా చేసేవారు, ఎవరు ఏమి మరిచారు అన్నది. అరిగిన నాణెం మనుషుల చరిత్ర చెబుతుంది. లింకన్ చెంప నున్నగా అయిందంటే అది వేలమంది చేతుల మీదుగా రొట్టెకు, బస్సుకు, ఉత్తరం బిళ్ళకు వెళ్ళి వచ్చిందన్నమాట. మొదటిదానికి ధర కడతారు. రెండోదానికి కట్టరు. చరిత్ర చదివేవారికి రెండూ కావాలి.

కాబట్టి ఈ పండుగ సెలవుల్లో ఆ పెన్నీల సీసాను యంత్రంలో గుమ్మరించే ముందు ఒకసారి పిల్లలతో కలిసి బల్ల మీద పోయండి. బొమ్మ ఒకవైపు, బొరుసు ఒకవైపు పేర్చమనండి. మన పిల్లలు ఈ దేశపు చరిత్రను బడిలో చదువుతారు, మన దేశపు చరిత్రను మన నోట వింటారు. ఒక చిల్లు కాణీ, ఒక ఉక్కు పెన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే రెండూ ఒకే పాఠమని వారికి అర్థమవుతుంది. నిధి దొరకకపోవచ్చు. ఎవరైనా ఏదైనా గట్టిగా చెప్పినప్పుడు, "ఏదీ, తూచి చూద్దాం" అనే అలవాటు మాత్రం దొరుకుతుంది. ఈ దీపావళికి లక్ష్మీదేవి మీ ఇంట ఆ వివేకంతో కలిసి కొలువుండాలని కోరుకుంటూ సెలవు.